ఊరు విడిచినవాళ్లకే ఊరి పేరు

హడర్స్‌ఫీల్డ్‌కు దక్షిణాన లాక్‌వుడ్ అనే పేట ఉంది. అది దాటితే ఆర్మిటేజ్ బ్రిడ్జ్, ఆ పక్కన సౌత్ క్రాస్‌లండ్, పడమటి వైపు క్వార్మ్‌బీ. ఇంగ్లండ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్‌లో ఉన్ని మిల్లుల మీద ఎదిగిన పట్టణం ఇది. ఇక్కడ కాపురం పెట్టిన కొత్తలో, పొద్దున బస్సు మీద చదివిన పేరే మధ్యాహ్నం ఆసుపత్రిలో ఎవరి బిళ్ల మీదో కనిపించేది, సాయంత్రం ఏ దుకాణం బోర్డు మీదో కనిపించేది. లాక్‌వుడ్, ఆర్మిటేజ్, క్రాస్‌లండ్, క్వార్మ్‌బీ. ఊళ్ల పేర్లు పెట్టుకుని మనుషులు తిరిగే చోటికి వచ్చానని తెలిశాక ఈ పరాయి ఊళ్లో నాకు బెరుకు కొంత తగ్గింది.

నేను పుట్టింటి వైపు నంగునూరి, అత్తింటి వైపు గుండవెల్లి. రెండూ ఊళ్లే. రెండూ సిద్దిపేట చుట్టుపక్కలవే. మా పెళ్లి పత్రికలో ఆ రెండు పేర్లూ ఎదురెదురుగా అచ్చయితే, వచ్చిన చుట్టాలు మా పేర్ల కంటే ముందు అవే చదివారు. ఏ ఇంటి పిల్ల, ఏ ఇంటి పిల్లగాడు, ఏ ఊరోళ్లు అన్నది తేలితేనే మా వైపు మాట ముందుకు సాగుతుంది.

నంగునూరు సిద్దిపేట పక్క మండలమే. అయినా మా ఇంటిపేరువాళ్లం ఆ ఊళ్లో లేము. చిన్నప్పుడు ఇది నాకు అంతుపట్టక మా నాయినమ్మను అడిగాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండానే చెప్పింది: "నంగునూర్ల నంగునూరోళ్లు ఎందుకుంటరు బిడ్డా? ఆడ అందరు నంగునూరోళ్లేనాయె."

ఊరి పేరు ఇంటిపేరు ఎట్లా అవుతుందో నేను తర్వాత చదివిన ఏ పుస్తకమూ ఇంతకంటే స్పష్టంగా చెప్పలేదు. కరువుకో, ఇల్లరికానికో, మగ్గం పనికో, పట్వారీ పనికో ఒక కుటుంబం ఊరు విడుస్తుంది. చేరిన ఊళ్లో అప్పటికే ఒక రాజయ్య ఉంటాడు. కొత్తగా వచ్చిన రాజయ్యను గుర్తుపట్టడానికి నంగునూరి రాజయ్య అంటారు. ఆ పేరు పెట్టుకున్నది ఆయన కాదు. పెట్టింది చేరుకున్న ఊరు. మనుమల కాలానికి నంగునూరు దారి మరిచిపోతారు, పేరు మాత్రం పొలం కాగితాల్లోకి, పెళ్లి సంబంధాల్లోకి ఎక్కి కూర్చుంటుంది.

తెలుగువాళ్లలో పేరుమోసినవారి ఇంటిపేర్లు చూస్తే ఇదే కథ ఎంతో దూరం సాగింది. గురజాడ కృష్ణా జిల్లాలో ఒక ఊరు. ఆ పేరు మోసిన అప్పారావుగారు కళింగాంధ్ర మనిషి, విజయనగరం కవి. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది, రాధాకృష్ణన్ పుట్టింది తిరుత్తణిలో. మోక్షగుండం ఉమ్మడి ప్రకాశం జిల్లాలోది. విశ్వేశ్వరయ్య పూర్వీకులు అక్కడినుంచి మైసూరు సీమకు తరలిపోతే, ఆయన పుట్టిన ముద్దెనహళ్లి కన్నడ దేశంలో ఉన్నా పేరు ముందు తెలుగు ఊరు నిలబడిపోయింది. మన బూర్గుల రామకృష్ణారావుగారిది మరీ ముచ్చటైన సంగతి. ఆ ఇంటివాళ్లు అసలు పుల్లంరాజు వారు. షాద్‌నగర్ దగ్గరి బూర్గుల వాళ్ల సొంత ఊరు కావడంతో పాత ఇంటిపేరు వెనక్కి తగ్గి ఊరే ఇంటిపేరయింది. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయిన మనిషిని లోకం ఆ ఊరి పేరుతోనే పిలిచింది.

పోతన బమ్మెరవాడే కదా, ఆ ఊరు ఇప్పటికీ ఆయన పొలాన్నీ సమాధినీ చూపిస్తుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. అయితే ఆయన పద్యాలు ఊరు దాటాయి. బమ్మెర పోతన అని ఆయన్ని గుర్తుపెట్టుకోవలసిన అవసరం బమ్మెరకు లేదు, మిగతా తెలుగు దేశానికే ఉంది.

ఇంగ్లండ్‌లో ఈ కథకు కాగితం దొరుకుతుంది. 1379లో రాజు తల పన్ను వేసినప్పుడు ఈ వెస్ట్ రైడింగ్ ప్రాంతంలో ఊరూరా పన్ను కట్టినవాళ్ల పేర్లు రాశారు. ఆ జాబితాల్లో చాలామంది పేరు తర్వాత ఫలానా ఊరి అన్న మాట ఉంటుంది. నంగునూరు నంగునూరి అయినట్టు, అక్కడ ఊరి పేరు ముందు 'డి' చేరేది. తరాలు గడిచేసరికి ఆ 'డి' రాలిపోయి ఊరొక్కటే మిగిలింది. 1538లో ప్రతి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాయమన్న ఆజ్ఞ వచ్చింది. ఇక 1881 ఏప్రిల్‌లో జరిగిన జనాభా లెక్కల్లో ఇంటింటి మనుషుల పేర్లు ఈనాటికీ చదువుకోవచ్చు. వాటిని కంప్యూటర్‌కి ఎక్కించి ఏ ఇంటిపేరు ఎక్కడ ఎంత చిక్కగా ఉందో పటాలు గీశారు. ఆ పటాల మీద ఎన్నో ఊరి పేర్లు పుట్టినచోటికి కొద్ది మైళ్ల దూరంలోనే గుమిగూడి కనిపిస్తాయి. ఐదారు వందల ఏళ్లు గడిచినా ఆ కుటుంబాల్లో ఎక్కువమంది జిల్లా దాటలేదు.

ఆర్మిటేజ్ సంగతి చూడండి. స్టాఫర్డ్‌షైర్‌లో ఆ పేరుతో ఒక ఊరు ఉంది. పటంలో పేరు చూసి ఆర్మిటేజ్‌లందరూ అక్కడివాళ్లే అనుకోవడం తేలిక. కానీ ఈ ఇంటిపేరు దట్టంగా ఉన్నది హడర్స్‌ఫీల్డ్ చుట్టూ. ఈ ప్రాంతపు ఇంటిపేర్ల మీద జీవితమంతా పనిచేసిన చరిత్రకారుడు జార్జ్ రెడ్‌మండ్స్ పాత దస్తావేజులు తిరగేసి, యార్క్‌షైర్ ఆర్మిటేజ్‌ల మూలం ఇక్కడే ఒక సన్యాసి ఆశ్రమం ఉన్న చోట ఉందని చూపించాడు. పేరు కలిసినంత మాత్రాన ఊరు కలిసినట్టు కాదని, మనుషులు ఎక్కడ దట్టంగా ఉన్నారో కూడా చూడాలని నేను ఆయన రాతల నుంచే నేర్చుకున్నాను.

అదే చూపుతో మా అత్తింటి పేరు చూశాను. మా దగ్గర దుబ్బాక వైపు పెద్దగుండవెల్లి ఉంది, సిద్దిపేట వైపు చిన్నగుండవెల్లి ఉంది. ఇంటిపేరులో పెద్దా చిన్నా మిగల్లేదు. మా మామయ్య మాత్రం పెద్దగుండవెల్లే అంటారు. తమ తాతల కాలంలో బోనం ఎటు వైపు తీసుకుపోయేవాళ్లో, పాత వియ్యాలన్నీ ఏ ఊళ్లతో నడిచాయో ఆయన లెక్కపెట్టి చెబుతారు. పెద్దవాళ్ల నోట్లో ఉన్న ఆ లెక్క, రెడ్‌మండ్స్ దస్తావేజుల్లో వెతికిన లెక్క ఒకే రకం. పి.వి.నరసింహారావుగారి విషయంలోనూ ఆ లెక్క కావాలి. ఆయన ఇంటిపేరు పాములపర్తి. ఆ పేరుగల ఊరు మా సిద్దిపేట జిల్లాలోనే మర్కూక్ మండలంలో ఉంది. ఆయన పుట్టింది లక్నేపల్లిలో, పెరిగింది వంగరలో. మా వైపువాళ్లు ఆయన్ని మనవాడని సంబరంగా చెప్పుకుంటే నాకూ సంతోషమే. కానీ పేరు ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదని ఆర్మిటేజ్ కథ నాకు గట్టిగా చెప్పింది.

ఇక్కడ యార్క్‌షైర్‌లో ఇంకో ఇంటిపేరు ఉంది, సైక్స్. చిన్న వాగుకు ఈ ప్రాంతంలో వాడే మాట అది. 2000లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మంది మగవాళ్ల డీఎన్ఏ పరీక్షించాడు. వాగులు ఎన్నో కాబట్టి ఈ పేరు ఎన్నోచోట్ల పుట్టి ఉంటుందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే వాళ్లలో సుమారు 44 శాతం మందికి ఒకే రకం వై క్రోమోజోమ్. అంటే చాలామంది ఒకే మూలపురుషుడి సంతానం.

మన దగ్గర ఊరి ఇంటిపేరుకు ఈ లెక్క కుదరదు, కుదరకపోవడమే నాకు నచ్చుతుంది. ఊరు విడిచినవాళ్లు ఒక్క కులంవాళ్లు కారు. ఒకే ఊరి నుంచి రెడ్డి పోయాడు, సాలె పోయాడు, కుమ్మరి పోయాడు, మాదిగ పోయాడు. చేరుకున్న ఊళ్లలో అందరికీ ఆ ఊరి పేరే అంటుకుంది. వృత్తి నుంచి వచ్చిన ఇంటిపేరు మనిషిని కులంతో కట్టేస్తుంది. ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరు అట్లా కట్టేయదు. ఊళ్లో వాడలు వేరు, బావులు వేరు. బయటికొచ్చాక పేరు ఒకటి. ఇంటిపేరు అడిగి కులం పసిగట్టే అలవాటు ఈ దేశం దాకా వచ్చి మన సంఘాల విందుల్లో కూర్చోవడం నేను చూశాను. అట్లా అడిగేవాళ్లకు నంగునూరి అన్న పేరు ఊరికి మించి ఏమీ చెప్పదు. ఆ పేరు నాకు మరింత ఇష్టం కావడానికి ఇదొక కారణం.

ఇంతకంటే విచిత్రమైన ప్రయాణం వాషింగ్టన్ ఇంటిపేరుది. ఈశాన్య ఇంగ్లండ్‌లో వాషింగ్టన్ ఒకప్పుడు చిన్న ఊరు. 12వ శతాబ్దంలో విలియం అనే భూస్వామి ఆ ఊరు పుచ్చుకుని పాత ఊరి పేరు వదిలి దాని పేరు పెట్టుకున్నాడు. ఆ వంశంలోని జాన్ 1650ల్లో వర్జీనియా చేరాడు. ఆయన ముని మనుమడు జార్జ్ అమెరికా మొదటి అధ్యక్షుడయ్యాడు. 2000 నాటి అమెరికా జనాభా లెక్కల్లో ఈ ఇంటిపేరున్నవాళ్లు సుమారు లక్షా 63 వేల మంది, వాళ్లలో 90 శాతం నల్లజాతివారు. బానిసత్వం నుంచి బయటపడిన కుటుంబాలెన్నో ఈ పేరు తీసుకున్నాయి. ఇంగ్లండ్‌లో ఆ ఊరిని ఎన్నడూ చూడని మనుషులు ఈరోజు ఆ ఊరి పేరుకు అసలు వారసులు.

మన పేర్లు కూడా దేశం మారినప్పుడు తిరగబడతాయి. మనకు ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనక. సోలాపూర్‌లో, భివండిలో మగ్గాల మీద బతకడానికి తరాల కిందట వెళ్లిన మన పద్మశాలి కుటుంబాలకు మరాఠీ పద్ధతిలో ఇంటిపేరు చివరికి జరిగింది. మాకు పాస్‌పోర్టు దగ్గర జరిగింది. సిద్దిపేటలో ఒక్క పొడి అక్షరంగా, చుక్క పెట్టి వదిలేసిన నంగునూరి ఇక్కడ నిండుగా బయటికొచ్చింది. ఆఫీసులో నన్ను పిలిచేది దానితోనే. నోరు తిరగక అడుగుతారు, ఇదేం పేరు అని. ఊరి పేరు అంటాను. లాక్‌వుడ్‌లాగా అంటాను. ఆ ఒక్క మాటతో ఈ ఊరివాళ్లకు అర్థమైపోతుంది, మరో ప్రశ్న ఉండదు.

మనకూ ఇంటిపేర్ల పటం కావాలని నేను చాలాకాలంగా కోరుకుంటున్నాను. 1881లోనే నిజాం రాజ్యంలోనూ జనాభా లెక్కలు జరిగాయి. మనకు మిగిలింది మొత్తాల పట్టికలే, మనుషుల పేర్లు కావు. అయినా మన దగ్గర ఆధారాలు లేకపోలేదు. 1954-55 ఖాస్రా పహాణీలో పట్టాదారుల పేర్లున్నాయి. ఊరూరా ఓటర్ల జాబితాలున్నాయి. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతా ఒక్కరోజులో ఇంటింటి సర్వే జరిగింది. ఒక విశ్వవిద్యాలయం తలుచుకుంటే, మనుషుల వివరాలు బయటపెట్టకుండానే, సిద్దిపేట జిల్లా ఒక్కదాంతో ఈ పని మొదలుపెట్టవచ్చు. మెదక్, కరీంనగర్, వరంగల్ ముక్కలు కలిపి 2016లో చేసిన జిల్లా ఇది. ఆ గీతలకు ముందే ఎవరు ఎటు నుంచి ఎటు నడిచారో ఇంటిపేర్లు చెబుతాయి.

తొందర ఎందుకంటే, ఆ జిల్లాలోనే కొన్ని ఊళ్లు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయాన్ని 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. తొగుట, కొండపాక మండలాల్లోని వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్, బ్రాహ్మణ బంజేరుపల్లి, ఎర్రవల్లి, సింగారం దానికోసం ఖాళీ అయ్యాయి. అంతకు ముందు కొండపోచమ్మసాగర్ కోసం బహిలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి పోయాయి. ఆ నీళ్లు పొలాలకు అక్కరకొచ్చాయని నాకు తెలుసు. మల్లన్నసాగర్ ఊళ్ల జనంలో చాలామంది గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లి, సంగాపూర్ వైపు కట్టిన కాలనీల్లోకి, ఇంకొందరు ఎక్కడెక్కడికో మారారనీ తెలుసు. పూర్వకాలమైతే గజ్వేల్‌లో వాళ్లను వేములఘాటు రాజయ్య అని, కిష్టాపురపు మల్లయ్య అని పిలిచేవాళ్లు. రెండు తరాల్లో అవి ఇంటిపేర్లయ్యేవి. మునిగిన ఊరు మనుషుల పేర్ల ముందు బతికేది. ఇప్పుడు అది జరగదు. ఆధార్‌లో, పట్టాదారు పాసుపుస్తకంలో, పిల్లల బడి సర్టిఫికెట్‌లో పేరు ఒకసారి పడ్డాక చేరిన ఊరు కొత్త పేరు ఇవ్వలేదు. వందల ఏళ్లు మన పల్లెల్లో నడిచిన ఆ పద్ధతి, ఊళ్లకు అది అత్యంత అవసరమైన సమయంలోనే ఆగిపోయింది.

కాబట్టి పటం గీసేవాళ్లు ముందు ఆ ఊళ్లతో మొదలుపెట్టాలి. ఏ ఇంటిపేరువాళ్లు ఏ వాడలో ఉండేవాళ్లు, వాళ్ల పెద్దలు అక్కడికి ఏ ఊరి నుంచి వచ్చారని చెప్పుకునేవాళ్లు, ఇప్పుడు ఎవరు ఎటు పోయారు అన్నవి చెప్పగల ముసలివాళ్లు గజ్వేల్ కాలనీల్లో ఇంకా ఉన్నారు. తొగుట వైపు మా చుట్టాలున్నారు. ఆదివారాలు వాళ్లకు ఫోన్ చేసి అడిగి రాసుకుంటున్నాను. మొదట ఇంటిపేరు, తర్వాత పాత ఊళ్లో ఇల్లు ఎక్కడ ఉండేది, ఆ తర్వాత ఇప్పటి చిరునామా. నాలుగో గడిలో వాళ్ల ఆడబిడ్డలను ఏ ఊళ్లకు ఇచ్చారో రాస్తున్నాను. పెళ్లితో ఇంటిపేరు మారిపోయే వాళ్ల జాడ ఇంగ్లండ్ పటాల్లో కూడా సరిగా దొరకదు.