పది గంటలకు పోవు చలి



ఢిల్లీలో ఉద్యోగము చేయుచున్న నా పినతండ్రి కుమారుడు ఒక క్రిస్మసుకు మా యింటికి వచ్చెను. నేను తలకు మఫ్లరు చుట్టుకొని అరుగు మీద కూర్చుండుట చూచి నవ్వెను. "అన్నా, గిది కూడ చలేనా? మా దగ్గర రాత్రి నాలుగు డిగ్రీలు. మీకు చలికాలం ఏడుంది?" అనెను. నేనును నవ్వితిని. మన ఇబ్రహీంపట్నములో చలి యేమున్నదని నేనే పలుమారు ఇతరులతో చెప్పియున్నాను గదా! ఆ మాట ఎంతవరకు నిజము, ఎక్కడనుండి నిజము కాదు, అది మీకు చెప్పవలెనని ఈ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాను.

పగటి మాట అడిగినచో నా తమ్ముడు చెప్పినది నిజమే. హైదరాబాదులో డిసెంబరు, జనవరి నెలలలో పగలు సగటున 28, 29 డిగ్రీల వేడి యుండును. మధ్యాహ్నము పిల్లలు చెమటలు కారునట్లు ఆడుకొందురు. ఇంటిలో పంకా తిరుగుచుండును. నగరములో టిబెట్టువారు దారి ప్రక్కన స్వెటర్లు పరచి అమ్ముచుండగా, కొనువారు చొక్కా చేతులు పైకి మడుచుకొని బేరమాడుదురు. ఇది చూచిన ఉత్తరదేశపు వాడు నవ్వక యేమి చేయును?

అయితే రాత్రి వేరు. మన దక్కను నేల సముద్ర మట్టమునకు 500 మీటర్లకు పైన నున్నది. సముద్రము దూరము. వానలు వెనుదీసిన తరువాత ఆకాశము తేటపడును, గాలిలో తేమ తగ్గును. పగలంతయు ఎండను త్రాగిన మన రాతిగుట్టలు, ఎర్రనేల, ప్రొద్దు గ్రుంకగానే ఆ వేడిమిని పైకి విడిచివేయును. మబ్బున్నచో అది దుప్పటివలె ఆ వేడిమిని కొంత నిలుపును. మబ్బు లేనిచో నిలుపునది లేదు. అందుచేతనే బంగాళాఖాతములో వాయుగుండము పుట్టి మబ్బులు క్రమ్మిన రోజున, డిసెంబరులో కూడ రాత్రి వెచ్చగా నుండును. మబ్బు విడిపోయి ఈశాన్యపు గాలి తిరిగి వీచగానే చలి మరల పట్టుకొనును. మా ఊరి ముసలివారు ఆకాశము చూచి ఆ రాత్రి చలిని ముందే చెప్పుదురు; తప్పుట అరుదు.

నగరమునకు మనకు భేదము కూడ ఇక్కడనే యున్నది. అక్కడ సిమెంటు గోడలు, తారు రోడ్లు, వాహనములు రాత్రంతయు వేడిని కొంత కొంతగా విడుచుచుండును. మనకు ఆ ఆస్తి లేదు. సాగరు రోడ్డు మీద నగరమునుండి బస్సులో వచ్చువాడు ఇళ్లు పలుచబడి పొలములు మొదలగు చోట కిటికీ మూయును. హైదరాబాదులో 15 డిగ్రీలున్న రాత్రి మన చెరువు క్రింది పల్లములో ఇంకను తక్కువ యుండును, ఏలయనగా చల్లని గాలి బరువైనది, అది పల్లమునకు జారి నిలుచును. కుతుబ్ షాహీల నాటి ఆ పెద్ద చెరువు మీద తెల్లవారుజామున పొగమంచు పరుచుకొన్నప్పుడు ఆవలి గట్టు అగపడదు.

నగరముకూడ ఎల్లకాలము చలిని తప్పించుకొనలేదు. 1946 జనవరి 8న హైదరాబాదులో 6.1 డిగ్రీలు నమోదైనది. ఇంకొక సంగతి వినుడి. మైదాన ప్రాంతములలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగి, ఆ దినమునకు ఆ చోట మామూలుగా నుండవలసిన దానికంటె 4.5 డిగ్రీలైనను తగ్గినప్పుడు వాతావరణ శాఖవారు దానిని చలిగాలుల దినమని లెక్కింతురు. చలి ఎంత యనుట ఒక్కటియే కాదు, ఆ చోటివారు అలవాటుపడినదానికంటె ఎంత తక్కువ యనుట కూడ వారి లెక్కలో నున్నదన్నమాట. తమ్ముడు మరల వచ్చినప్పుడు ఇది చెప్పవలెనని దాచుకొన్నాను.

మన భాషలో ఒక చిక్కున్నది. గడ్డిమీది నీటిబొట్టు మంచే, చెరువు మీది పొగ మంచే, హిమాలయములలో పడునదియు మంచే. ఒక ఆదివారము బడిలో, హిమమంత తెలుపు అను మాట వచ్చినప్పుడు ఒక పిల్లవాడు లేచి, "సార్, మంచు నీళ్ల లెక్క ఉంటది గదా, తెల్లగ ఎట్లుంటది?" అని అడిగెను. క్రిస్మసు చెట్టుకు మనము అంటించు దూదిని చూపి తప్పించుకొంటిని. ఆ దూది ఆ నెలలోనే మన చేలలో నుండి వచ్చుచున్నది. ప్రత్తి యేరు స్త్రీలకు మాత్రము మంచనగా తెలుపు కాదు, తడి. మోకాళ్లవరకు చీర తడిసిపోవును, వ్రేళ్లు వంగవు. పోనీ ఎండ వచ్చువరకు ఆగుదమన్న కూలి గంటలు పోవును. ఆగకున్న ప్రత్తికి తేమ పట్టును. కొనుగోలు కేంద్రములో తేమ 8 శాతము దాటిన ధర తగ్గింతురు, 12 దాటిన కొనరు. ఒక్క మంచుబొట్టు అటు కూలివారిని, ఇటు రైతును పట్టుచున్నది.

మా నాయనకు ఒక గొంగడి యుండెను. మీలో చాలమంది ఇండ్లలో నుండియుండును. దక్కని నల్లగొర్రెల ఉన్నిని కురుమలు వడికి, గుంటమగ్గము మీద నేసి, చింతగింజల గంజి పట్టించి గట్టిపరచినది. ఒంటికి గుచ్చుకొనును, క్రొత్తలో గొర్రెవాసన వదలదు. అయినను వానలో, చలిలో, ఎండలో కూడ అదే కప్పు, అదే పరుపు. ఇప్పుడు మాంసము కొరకు ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలను పెంచుట హెచ్చినందున అట్టి గొంగడి దొరకుట కష్టమగుచున్నది. నాయన పోయిన తరువాత దానిని పెట్టెలో వేపాకు వేసి దాచితిని.

ఆ గొంగడి పెట్టెలోనే యుండగా ఒక జనవరి రాత్రి మా అమ్మకు చలి హెచ్చెనని, కుంపటిలో బొగ్గులు రాజేసి ఆమె గదిలో పెట్టి, గాలి రాకుండ తలుపు, కిటికీ మూసితిని. మంచి పని చేసితిననుకొంటిని. అర్ధరాత్రి నీళ్లకు లేచి తలుపు తీయగా, ఆమె పలుకలేదు. బయటికి మోసికొని వచ్చి అరుగుమీద పరుండబెట్టితిని. చల్లగాలి తగిలిన కొంతసేపటికి వాంతి చేసికొని, "తల పగులుతుంది బిడ్డా" అనెను. మూసిన గదిలో బొగ్గు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. దయచేసి గదిలో కుంపటి పెట్టి తలుపులు మూయకుడి. పెట్టెలో గొంగడి యుండగా నేను బొగ్గులు వెదకితిని. అమ్మ ఆ మాట ఒక్కసారియు అనలేదు, నేనే అనుకొనుచుందును.

ఇక నేను చెప్పుటకు వెనుకాడిన సంగతి. ఆ మరుసటి డిసెంబరులో క్రిస్మసు పాటల జట్టుతో రాత్రంతయు ఇంటింటికి తిరిగి, నాలుగు గంటల వేళ ఇటుక బట్టీల మీదుగా వచ్చుచుంటిమి. ఒరిస్సానుండి వచ్చిన కూలివారు కొందరు అక్కడ నుందురు. కోతలైన పిమ్మట పిల్లాపాపలతో వచ్చి, వానలకు ముందు తిరిగి పోవుదురు. పచ్చి ఇటుకలు పేర్చి పైన తాటాకో పట్టాయో కప్పినది వారి ఇల్లు. నిలువబడుటకు ఎత్తు చాలదు. ఒక తల్లి గుడిసె విడిచి, కాలుచున్న బట్టీ గోడకు వీపు ఆనించి, పసిబిడ్డను చీరకొంగులో చుట్టి కూర్చుండియుండెను. బిడ్డ దగ్గుచుండెను. మేము ఒక పాట పాడితిమి. మిఠాయి యిచ్చితిమి. నా ఒంటిమీద స్వెటరు, దానిపైన కోటు ఉండెను. తెల్లవారగానే పెట్టెలోని గొంగడి తెచ్చియిచ్చెదనని మనసులో అనుకొంటిని. నిజముగానే అనుకొంటిని.

ఇంటికి వచ్చి పండుకొని లేచునప్పటికి పది దాటెను. వాకిట ఎండ వెచ్చగా నుండెను. కోటు విప్పితిని, స్వెటరు విప్పితిని. ఆ ఎండలో కూర్చుండి నాలుగు గంటల చలిని తలచుకొన్నచో అది ఎవరో చెప్పిన కథవలె నుండెను. పెట్టె తెరచితిని గూడ. నాయన వాసన వచ్చెను. ఇది ఇచ్చుట ఎట్లు, ఒక దుప్పటి కొనియిత్తము అనుకొంటిని. సాయంకాలము దుకాణము మూసియుండెను. మరునాడు పండుగ పనులు. నా తమ్ముని మాట ఎక్కడ అబద్ధమగునో చదువరులారా, ఇక్కడనే. ఢిల్లీ చలి పగలు కూడ నిలిచియుండి మరువనీయదు. మన చలి పది గంటలకు పోవును, దానితోపాటు అనుకొన్నదియు పోవును.

మూడవ దినమున గొంగడినే చంకను పెట్టుకొని పోతిని. ఆ గుడిసెలో ఎవరును లేరు. ప్రక్క గుడిసె ముసలివాడు రోడ్డు వైపు చేయి చూపి, "పిల్ల, దవాఖాన" అనెను. నాకు కాళ్లాడలేదు. గొంగడితోనే తిరిగి వచ్చితిని. ఆ వారము రోజులు ఎట్లు గడిచినవో వ్రాయను.

మరల పోయినప్పుడు వారు వచ్చియుండిరి. నిమ్ము చేరినదట, సూదిమందు లిచ్చిరట. బిడ్డ చిక్కిపోయెను గాని కండ్లు తెరచి నన్ను చూచుచుండెను. మధ్యాహ్నము రెండు గంటలైయుండును. నా మెడమీద చెమట కారుచుండెను. గొంగడి చేతికియ్యగా ఆమె దానిని బిడ్డకు కప్పలేదు. మడిచి, గుడిసెలోపల నీడలో, పట్టా క్రింద జాగ్రత్తగా పెట్టెను. నేను చూచుచుండుట గమనించి, "రాత్రికి" అనెను. ఆమెకు వచ్చిన కొద్ది తెలుగు మాటలలో అది యొకటి.