నిలకడ మర

తెలుగు వ్యాకరణం బోధించే వారికి కార్బొరేటరుతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. ఇబ్రహీంపట్నంలో ఆ పని తప్పనివారు చాలామంది ఉన్నారు. చుట్టుపట్ల పల్లెల నుండి చీకటితోనే పాలక్యాన్లతో సాగర్ రోడ్డెక్కే మోపెడ్లు ఎన్నో. మా విద్యార్థులలో కొందరు పాలు పోసి వచ్చిన తరువాతనే మొదటి గంటకు హాజరవుతారు.

అట్టి ఒక విద్యార్థి పాత మోపెడ్, యాక్సిలరేటరు వదలిన వెంటనే ఆగిపోసాగింది. దారిలో ఎవరో ఒక మర బిగించి 'స్లో' పెంచి ఇచ్చారు. ఆగడం మానింది గాని, అంతకు మించిన చిక్కు వచ్చింది. గేర్లు లేని మోపెడ్‌లో క్లచ్చు ఇంజను వేగాన్ని బట్టి తనంత తానే పట్టుకుంటుంది. నిలకడ వేగం మితిమీరితే, చేయి వదలినా చక్రం లాగుతూనే ఉంటుంది. వెనుక నిండు క్యాన్లు, ఎదుట లారీ, బ్రేకు వేసినా బండి ముందుకే తోస్తున్నదని అతడు చెప్పగా మాకు గుండె ఝల్లుమన్నది. ఆ సాయంత్రమే అతనిని వెంటబెట్టుకొని, పట్టణంలో అందరూ ఉస్తాద్ అని పిలిచే ఒక వృద్ధ మెకానిక్ వద్దకు వెళ్లాము.

"చాచా, మర కొంచెం వెనక్కు తిప్పితే చాలదా?" అన్నాడు విద్యార్థి.

"నై బేటా, స్క్రూ ఆఖరుకు. ముందు కచరా చూడాలె" అన్నారు ఉస్తాద్.

ఆ మాటలో శాస్త్రమున్నది. పెట్రోలు సక్రమంగా మండడానికి ఒక పాలు పెట్రోలుకు తూకంలో సుమారు 15 పాళ్ల గాలి కావాలి. యాక్సిలరేటరు వదలినప్పుడు ప్రధాన మార్గం దాదాపు మూతపడుతుంది. అప్పుడు ఇంజను సూదిబెజ్జం కన్న సన్నని జెట్టు ద్వారా వచ్చే పెట్రోలుతోనే బ్రతకాలి. అందులో నలుసు పడితే ఆగిపోతుంది. 'స్లో' పెంచడమంటే రోగాన్ని కప్పిపెట్టడమే.

ఉస్తాద్ ఫిల్టరు స్పంజి కడిగారు, గిన్నె అడుగున చేరిన నీటిని పారబోశారు, జెట్టును గాలితో ఊదారు. తీగతో పొడవరాదట, రంధ్రం పెద్దదవుతుంది. అయినా ఇంజను తడబడుతూనే ఉన్నది. అప్పుడు కార్బొరేటరు ఇంజనుతో కలిసే అతుకు మీద నాలుగు చుక్కల ఆయిలు వేశారు. ధ్వని మారింది! ప్యాకింగు ఎండి, లెక్కలేని గాలి లోపలికి చొరబడుతున్నది. టూస్ట్రోకు ఇంజనులో ఆయిలు పెట్రోలుతోనే వస్తుంది కనుక, గాలి హెచ్చితే పిస్టను బిగుసుకునే ప్రమాదం కూడా ఉన్నది.

కొత్త ప్యాకింగు వేసి ఇంజను వేడెక్కిన పిదపనే మరలు ముట్టారు. గాలి మరను మెల్లగా చివరంటా తిప్పి, ఒకటిన్నర చుట్లు వెనక్కు తీశారు. బలంగా బిగిస్తే మొన చెడుతుంది. తరువాత పావు పావు చుట్టు తిప్పుతూ, ఇంజను అత్యంత చురుకుగా పలికే చోట నిలిపారు. యతిభంగం చెవికి తగిలినట్లు ఆయనకు ఆ తేడా తగులుతుంది కాబోలు. (ఫిల్టరు వైపున్న మర గాలిది, ఇంజను వైపున్నది సాధారణంగా పెట్రోలుది. రెండింటి ఫలితం తలక్రిందులు.) చివరకు స్టాండు మీద చక్రం లాగడం మానేవరకు నిలకడ మరను తగ్గించారు.

2020 ఏప్రిల్ నుండి బి.ఎస్.6 నిబంధనలతో కొత్త బండ్లలో చాలావాటికి ఈ మరలే లేవు, ఆ లెక్క కంప్యూటరు చూసుకుంటుంది. పాలబండ్లు మాత్రం ఇంకా పాతవే ఎక్కువ. మా విద్యార్థి ఇప్పుడు ప్రతి ఆదివారం స్పంజి కడిగి ఆరబెడుతున్నాడు. లీటరుకు ఎంత దూరం వచ్చిందో సంధుల నోట్సు చివరి పుటలో వ్రాసుకుంటున్నాడు.