షింబాషిలో ఒక ‘చూద్దాంలే’

టోక్యోలో షింబాషి స్టేషన్ బయట ఓ నల్లటి ఆవిరి రైలింజను నిలబెట్టి ఉంటుంది. ఆఫీసు జనం ఒకరినొకరు కలుసుకోవడానికి అదే గుర్తు. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి నేనూ అక్కడే ఉన్నాను. కొత్త కోటు, భుజాన ల్యాప్‌టాప్, జేబులో వంద విజిటింగ్ కార్డులు. పక్కన మా ఊరి అన్న. పదిహేనేళ్లుగా నిషికసాయ్‌లో ఉంటున్నాడు. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎక్కువగా ఉండే పేట అది.

మాది మాదాపూర్‌లో పన్నెండు మందితో నడిచే చిన్న డిజిటల్ ఏజెన్సీ. ఇంటర్నెట్‌లో ప్రకటనలు నడపడం, క్లయింట్ల వెబ్‌సైట్లు గూగుల్‌లో పైకి వచ్చేలా చూడడం మా పని. దుబాయ్, సింగపూర్‌లలో పని దొరికింది కదా, జపాన్‌లో ఎందుకు దొరకదనుకున్నాను. ఇంటి కోసం దాచిన డబ్బులోంచి ఆరు లక్షలు తీశాను. మా ఆవిడకు మాత్రం మూడనే చెప్పాను.

వచ్చేటప్పుడు మెట్రోలో వేలాడే పోస్టర్లు చూశాను. చాలావాటి మీద వెబ్‌సైట్ అడ్రసు లేదు. గూగుల్‌లో టైప్ చేసే డబ్బా బొమ్మ, అందులో రెండు జపనీస్ మాటలు. ‘ఇలా వెతకండి’ అని అర్థమట. స్టేషన్ బయట ఒకమ్మాయి చిన్న టిష్యూ ప్యాకెట్ చేతిలో పెట్టింది. దాని వెనకా ప్రకటనే!

మీటింగుకు ఇంకా టైముందని అన్న నన్ను అయిదు నిమిషాల దూరంలోని షియొదొమెకు తీసుకెళ్లాడు. 1872లో జపాన్ మొదటి రైలుమార్గం ఇక్కణ్నుంచే యొకొహామాకు మొదలైంది. ఆ పాత స్టేషన్‌ను అదే చోట మళ్లీ కట్టారు. ఆ లైను పనులు నడిపిన ఇంజినీరు ఎడ్మండ్ మోరెల్ అనే ఇంగ్లీషాయన. రైలు నడవడం చూడకుండానే చనిపోయాడు. “బయటివాళ్లు వచ్చి పనిచేయడం వీళ్లకు కొత్తేం కాదురా. కాకపోతే పని నేర్చుకున్నాక తామే చేసుకుంటారు” అన్నాడు అన్న.

దాని వెనకే కత్తి అంచులా నిలబడ్డ అద్దాల మేడ. ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ జాన్ నూవెల్ డిజైన్ చేసిన 48 అంతస్తుల డెంట్సు ఆఫీసు. 1901లో పుట్టిన ఈ కంపెనీ, 1895 నాటి హకుహోదో జపాన్ ప్రకటనల రంగంలో పెద్దన్నలు. మిగతా దేశాల్లో ఒక ఏజెన్సీ ఒక కార్ల కంపెనీకి పనిచేస్తే దాని పోటీ కంపెనీకి చేయడం కష్టం. ఇక్కడ ఒకే ఏజెన్సీ వేరువేరు విభాగాలతో ఇద్దరికీ చేస్తుంది. టీవీలో టైము, పేపర్లో చోటు కూడా తనే కొనిపెడుతుంది. 2019లో జపాన్‌లో ఇంటర్నెట్ ప్రకటనల ఖర్చు 2.1 లక్షల కోట్ల యెన్లతో టీవీని దాటింది. ఆ అంకె చూసే నేను విమానమెక్కాను. అందులో ఎక్కువ పని దశాబ్దాల పరిచయాల మీద నడుస్తుందని మాత్రం ఆలోచించలేదు.

మీటింగు ఒక ఇళ్లు మార్చే కంపెనీతో. మన ప్యాకర్స్ అండ్ మూవర్స్ లాంటిదే. అయిదుగురు వచ్చారు. రెండు చేతులతో కార్డులు ఇచ్చిపుచ్చుకోవడానికే పది నిమిషాలు. నలభై స్లైడ్లు చూపించాను. ఎవరూ మాట్లాడలేదు. చివర్లో ఒక కుర్రాడు మెల్లగా అడిగాడు. ఇల్లు మారడాన్ని ‘హిక్కోషి’ అంటారు. ఆ మాటను కంజిలో రెండు మూడు రకాలుగా, హిరగానాలో ఇంకో రకంగా రాస్తారు. జనం అన్ని రకాలుగానూ వెతుకుతారు. మా లిస్టులో ఒక్కటే ఉంది! పైగా వాళ్లకు బడులు, ఉద్యోగాలు ఏప్రిల్‌లో మొదలవుతాయి కాబట్టి జనం ఇళ్లు మారేది మార్చి, ఏప్రిల్‌లో. నా ప్లాను జూన్‌లో మొదలు. చెవులు వేడెక్కాయి.

అయినా పెద్దాయన నవ్వుతూ “కెంతో షిమాస్” అన్నారు. పరిశీలిస్తాం అని. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా అందరూ వంగి నమస్కరించారు. కిందికి రాగానే “వచ్చినట్టే అన్నా!” అన్నాను.

అన్న జాలిగా చూశాడు. “మన పెళ్లిసంబంధాల్లో ‘చూద్దాంలే’ అంటారే, అదీ ఇది.”

సాయంత్రం రైలుపట్టాల కింద ఉన్న చిన్న హోటల్లో ఉప్పేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు తింటూ విడమరిచి చెప్పాడు. చెట్టును పెకలించి వేరేచోట నాటే ముందు చుట్టూ తవ్వి, వేళ్లను సిద్ధం చేసి, కొత్త పిల్లవేళ్లు వచ్చేదాకా ఆగుతారు. దాన్నే ‘నెమవాషి’ అంటారట. ఆఫీసుల్లోనూ అంతే. ఒక్కొక్కరితో విడివిడిగా ముందే మాట్లాడతారు. తర్వాత కాగితం చేతులు మారుతూ, ముద్రలు వేయించుకుంటూ పైకి వెళ్తుంది. మీటింగు టైముకి నిర్ణయం అయిపోయి ఉంటుంది. “నువ్వు గొయ్యి తవ్వకుండానే చెట్టు తెచ్చావు” అన్నాడు.

“సొంత ఆఫీసు పెడితేనో?”

“2025 అక్టోబర్ నుంచి బిజినెస్ వీసాకు పెట్టుబడి 50 లక్షల యెన్ల నుంచి 3 కోట్లకు పెంచారు. నీ వల్ల కాదు. ఇక్కడి చిన్న ఏజెన్సీ వెనక నిలబడి పనిచెయ్. నీ పేరు కనపడదు. పర్లేదా?”

నా పేరు కనపడదంటే కష్టంగానే అనిపించింది. ఆ రాత్రి మా ఆవిడకు ఫోన్ చేసి ఆరు లక్షల సంగతి చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. “భోంచేశావా?” అని మాత్రం అడిగింది.

నాలుగు నెలలకు అన్నకు తెలిసిన ఓ చిన్న ఏజెన్సీ తమ క్లయింట్ల ప్రకటనలు రెండు మాకు అప్పగించింది. నెలాఖరుకు బిల్లు, వచ్చే నెలాఖరుకు డబ్బు. ఒక్కరోజు తేడా రాలేదు. మొదటి బిల్లు తొంభై వేలు. మాటలు చూసేది మాత్రం మేం కాదు, గంటల లెక్కన పెట్టుకున్న ఒక జపనీస్ అమ్మాయి.

మొన్న ఆ ఇళ్లు మార్చే కంపెనీ కుర్రాడి నుంచి మెయిలొచ్చింది. హిక్కోషి లిస్టు సరిచేశారా, వచ్చే సీజన్ ముందు ఒకసారి మాట్లాడదామా అని. అదే రాత్రి సరిచేసి పంపాను. మళ్లీ టోక్యో వెళ్లాలేమో అని మా ఆవిడతో అన్నాను.

“చూద్దాంలే” అంది.