కొట్టందాకా ఫైబరే వేద్దాం

మిత్రమా,

గొడ్ల కొట్టానికి సున్నం వేయడం అయిపోయింది, కిటికీలు బిగించారు. నువ్వొచ్చి అందులో పిన్ని, బాబాయిల కళ్లముందే కూర్చుని ఆఫీసు పని చేసుకోవచ్చు. ఇంటి నుంచి అక్కడికి నెట్ వైరు పాతడమే మిగిలింది. క్యాట్‌-6 రాగి వైరు చాలని రాశావు. దూరం అరవై మీటర్లే, ఆ వైరు వంద మీటర్ల దాకా పనిచేస్తుంది కూడా. అయినా రాగి వద్దంటున్నాను.

ఇంటికీ కొట్టానికీ కరెంటు మీటర్లు వేరు, ఎర్తింగ్ గుంటలు వేరు. ఎండాకాలం చివర ఉరుములతో వచ్చే గాలివానలు నీకు తెలియనివి కావు. పిడుగు మన కప్పు మీదే పడనక్కర్లేదు. పక్క తాటితోపులో పడినా, అది నేలలోకి దిగేటప్పుడు రెండు ఎర్తుల మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు. రాగి తీగ ఉంటే ఆ తేడాకి అదే దారి. నెట్ పోర్టులో ఉండే ఇన్సులేషన్‌ని పరీక్షించేది 1,500 వోల్టుల దగ్గర. అంతకు మించితే రౌటరు, నీ కంప్యూటరు రెండూ పోవచ్చు, ఆ సమయంలో వైరు పట్టుకున్న మనిషికీ ప్రమాదమే.

ఫైబర్ గాజు. అందులో వెలుగు నడుస్తుంది గానీ కరెంటు నడవదు. కొనేటప్పుడు ముఖ్యంగా చూడాల్సింది: లోపల ఉక్కు తీగ గానీ, ఉక్కు కవచం గానీ ఉండకూడదు. అవి ఉంటే మళ్లీ మొదటికొస్తాం. సింగిల్ మోడ్ ఫైబర్, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు చాలు. చివరలు అతికే మెషిన్ మన కేబుల్ టీవీ వాళ్ల దగ్గరే ఉంది. కొట్టం దగ్గర కెమెరా పెడితే దానికి కరెంటు మాత్రం ఫైబర్ మోయలేదు, అందుకు కొట్టంలోనే కరెంటు కూడా ఇచ్చే చిన్న నెట్‌వర్క్ స్విచ్చు పెడదాం.

స్తంభాల మీదుగా లాగితే కొబ్బరి మట్టలు, కోతులు. వైఫై వంతెన పెడదామంటే మధ్యలో మామిడిచెట్టు. బాబాయి దాని కొమ్మ మీద కత్తి పడనివ్వడు, పడకూడదు కూడా. అందుకే భూమిలోనే వేద్దాం.

మనది నల్లరేగడి. ఎండకి అరచెయ్యి పట్టేంత బీటలిస్తుంది, వానకి ఉబ్బుతుంది. ఉత్త కేబుల్ పాతితే ఏడాదికోసారి దాన్ని గుంజినట్టే. రెండున్నర అడుగుల గాడి తీసి, అడుగున ఇసుక పోసి, అతుకు లేని హెచ్‌డీపీఈ పైపు ఒకే చుట్ట నుంచి పరిపిస్తాను. మళ్లీ ఇసుక, దాని మీద ఇటుకలు, పైన ఎర్ర హెచ్చరిక టేపు. మూలల్లో ఎల్బోలు వద్దు, పైపునే వెడల్పుగా వంచాలి. పైపు ఎంత బిగించినా లోపల చెమ్మ చేరుతుంది, కాబట్టి కేబుల్ కూడా బయట వాడే రకమే కావాలి. పైపు చివరలు మూయకపోతే పందికొక్కులు దూరతాయి.

పైపులో నైలాన్ తాడొకటి వదిలేస్తాను. రేపు ఇంకో కేబుల్ లాగాలంటే గాడి మళ్లీ తవ్వక్కర్లేదు.

శనివారం జేసీబీ వస్తోంది. నీ బల్ల ఏ గోడ వైపు వేసుకుంటావో అంతలోపు చెప్పు, పైపు అక్కడే పైకి తీయిస్తాను.

నీ మిత్రుడు