వాచకం అయిపోయింది, ఇప్పుడేం చదవాల?

సంతకం పెట్టడం వస్తే చదువు వచ్చినట్టేనా అండీ? కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. జనాభా లెక్కల వాళ్లకీ తెలుసు. ఏడేళ్లు దాటిన మనిషి ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదివి, రాయగలిగితేనే అక్షరాస్యులని వాళ్ల లెక్క. అయినా పల్లెల్లో అడిగి చూడండి, ‘సంతకం చేస్తాను గదా’ అంటారు. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం, ఆడవాళ్లలో 59 శాతం. అందులో ఉత్త సంతకాల వాటా ఎంతో అని నాకు ఎప్పుడూ అనుమానమే.

నేను పగలు పిల్లలకూ రాత్రి పెద్దలకూ చదువు చెప్పినవాణ్ణి. ఈ రెండో పనిలోకి ఇష్టపడి వెళ్లానని గొప్పలు పోను. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది, పైనుంచి ఆర్డరు వచ్చింది, వెళ్లాను. ఆడవాళ్లు పొలం పనులు చేసుకుని, వంట ముగించుకుని, చంకన బిడ్డతో రామాలయం అరుగు మీదికి వచ్చేవాళ్లు. అక్షరాలు దిద్దించి పంపేద్దామనుకున్న నాకు, వాళ్లు వచ్చింది మాట్లాడుకోవడానికని కొద్దికొద్దిగా అర్థమైంది. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. ఊళ్లో సారా కొట్టు మూయించిన ఆడమనిషి కథ. అది కూడబలుక్కుని చదివిన ఆడవాళ్లే అదే జిల్లాలోని దూబగుంటలో సారాను అడ్డుకున్నారు. ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. ఒక్క పాఠం ఇంత పని చేయడం ఉద్యోగం మొత్తంలో నేను మళ్లీ చూడలేదు.

అప్పట్నుంచీ ఈ పిచ్చి వదల్లేదు. రిటైరయ్యాక కూడా సాయంత్రాలు పొదుపు సంఘం ఆడవాళ్లకు చెబుతూనే ఉన్నాను.

పెద్దవాళ్లకు చదువు ఎక్కదంటారు. వట్టి మాట. నలభై దాటిన మనిషికి ముందు చత్వారం ఉందేమో చూపించండి. మొద్దు అనిపించుకున్నవాళ్లలో చాలామందికి కళ్లజోడు పెట్టగానే ప, వ, ష తేడా తెలిసిపోతుంది. తర్వాతి చిక్కు ఒత్తులు. చాలా ఒత్తులు అసలు అక్షరాన్ని కొంచెమైనా పోలి ఉంటాయి గానీ త, న, మ, య, ర, ల ఒత్తులు చూడండి, తల్లికీ బిడ్డకీ పోలికే ఉండదు. వాడుకలో ఎక్కువ వచ్చేవీ అవే! అమ్మ, అన్న, అత్త, అయ్య, పిల్ల, ఒక్కటైనా వాటిని తప్పించుకుందా? అందుకే వరుసగా అచ్చులు, హల్లులు, గుణింతాలు అయ్యేదాకా ఆగను. ఎవరి పేరు వాళ్లకు రాసిచ్చి, దాన్ని విడగొట్టి చూపిస్తాను. వెంకటమ్మ అన్న పేరులో సున్నా ఉంది, ఎత్వం ఉంది, మ ఒత్తు ఉంది. ఇంకేం కావాలి?

పుస్తకం భాష కూడా వాళ్ల నోట్లోదే కావాలి. గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందటే సవరల భాష నేర్చుకుని, వాళ్లకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేస్తాం. వాచకాల్లోకి మాత్రం ‘తదుపరి’, ‘యొక్క’ లాంటివి దొడ్డిదారిన వస్తూనే ఉంటాయి.

ఇప్పుడు ఫోనే మాట్లాడుతుంది గదా, చదవడం ఎందుకని కొత్తగా అడుగుతున్నారు. మా క్లాసుకు వచ్చే ఒకావిడ జవాబు వినండి: ‘సంఘం తీర్మానాల పుస్తకంలో ఏం రాసుకున్నారో ఫోను చెబుతుందా?’ అప్పు ఎవరికి మంజూరైంది, వడ్డీ ఎంత వేశారు అన్నది తన కళ్లతో చూసుకోవాలని ఆవిడ పట్టుదల. అంతకంటే మంచి కారణం ఏ పథకం కాగితంలోనూ నాకు కనిపించలేదు.

ఆవిడే ఒకనాడు వాచకం మూసి, ‘అయ్యోరా, ఇది అయిపోయింది, ఇప్పుడేం చదవాల?’ అంది. చేతికి ఏమివ్వాలి? పేపరు అక్షరాలు చీమతలకాయలు. కథల పుస్తకాలు పిల్లలవి, చెవుల పిల్లి తాబేలు కథలు. యాభై ఏళ్ల మనిషికి అవి అవమానంగా ఉంటాయి. చదవడానికి ఏమీ లేక ఏడాది తిరిగేసరికి నేర్చిందీ మర్చిపోతారు. 91లో చదువుకున్నవాళ్లు కొందరు మళ్లీ వేలిముద్రకు వచ్చారు. ఇప్పటి అక్షరాస్యతా పథకం ఉల్లాస్ 2022 నుంచి 2027 దాకా, పదిహేనేళ్లు దాటినవాళ్లకు. పరీక్ష పెడతారు, సర్టిఫికెట్టు ఇస్తారు. మంచిదే. సర్టిఫికెట్టు చేతికొచ్చిన మర్నాటి సంగతే నా బెంగ.

అందుకని ఒక పని పెట్టుకున్నాను. వాళ్లు చెప్పే సంగతులే వాళ్ల మాటల్లో రాసి, పెద్ద అక్షరాలతో, పేజీకి నాలుగైదు వాక్యాలతో చిన్న పుస్తకాలు చేస్తున్నాను. పాముకాటు నుంచి బతికి బయటపడ్డ కథ, గేదె ఈనిన రాత్రి, కూతురి పెళ్లి అప్పు. జిరాక్సు తీసి, పిన్ను కొట్టి, సంఘం మీటింగులో పంచుతాం. తన పేరు అచ్చులో చూసుకున్న మనిషి ఆ పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి మనవడికి చదివి వినిపిస్తుంది. ప్రతి పొదుపు సంఘం బీరువాలో ఇలాంటివి ఓ అర ఉండాలని నా ఆశ. ఓపిక ఉన్నంత వరకూ ఇదే.

మీకో పని చెబుతాను, చేస్తారా? మీ వీధిలో చదవడం ఇప్పుడిప్పుడే నేర్చిన మనిషి ఉంటే పక్కన కూర్చుని ఒక సంగతి చెప్పించుకోండి. చెప్పింది చెప్పినట్టే పెద్ద అక్షరాలతో రాసి, ఆ కాగితం ఆవిడకే ఇచ్చి రండి.