ఆదా చేసిన అరగంట

మా ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు పన్నుల వసూలు మొదలవుతుంది. ఆరింటికి లేచి కళ్ళజోడు వెతుక్కుని టాబ్లెట్ తెరుస్తాను. నా ఊళ్ళో ఇళ్ళ మీద బంగారు నాణేలు మెరుస్తూ ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ వేలితో తాకి ఖజానాలో వేస్తాను. రాత్రి రొట్టెల బట్టీలో పెట్టిన సరుకు తీస్తాను. కొలిమికి కొత్త పని పురమాయిస్తాను. ఇదంతా అయ్యేసరికి మావారు వంటింటి గుమ్మంలో నిలబడి, "కమిషనర్ గారూ! మీ ఊరి జనం సుఖంగా ఉంటే, ఈ ఇంటి జనానికి కాస్త కాఫీ దొరుకుతుందా?" అంటారు.

నవ్వుతున్నారా? నవ్వండి. ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి, 'ఆటలు కట్టిపెట్టి పుస్తకం తియ్యండి' అని బెత్తం ఆడించిన నేను, ఇలా కంప్యూటర్ ఆటలో ఊరు కట్టుకుని కూర్చుంటానని ఎవరైనా చెప్పి ఉంటే అప్పుడు నేనూ నవ్వేదాన్నే.

ఈ ఊరికి శంకుస్థాపన చేసింది డల్లాస్‌లో ఉన్న మా మనవడు. 2021 వేసవి. కరోనా వల్ల వాళ్ళు ఇక్కడికి రాలేరు, మేం అక్కడికి పోలేం. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. వీడియోలో రోజూ అవే మాటలు. "తిన్నావా నాన్నా?", "తిన్నా అమ్మమ్మా." అంతటితో సరి. ఒకరోజు వాడికే విసుగు పుట్టి, "అమ్మమ్మా, నువ్వూ ఒక ఊరు కట్టుకో. మనం పక్కపక్కన ఉండచ్చు" అన్నాడు. రాజమండ్రికీ డల్లాస్‌కీ మధ్య పక్కపక్కన ఉండే దారి ఇంకేముంది గనక? సరేనన్నాను.

ఆట తెలియని వాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ముందు నాలుగు గుడిసెలు, ఒక మట్టి బాట. తర్వాత మేడలు, బజార్లు. ప్రతి పనికీ ఒక గడువు ఉంటుంది. రొట్టెలు కావాలంటే అయిదు నిమిషాలు ఆగాలి, పెద్ద సరుకు కావాలంటే ఎనిమిది గంటలు ఆగాలి. ఇక స్నేహితుల జాబితా అని ఒకటుంది. అందులో ఉన్నవాళ్ళ ఊళ్ళకు రోజుకొకసారి వెళ్ళి, ఒక కట్టడాన్ని తాకితే దాన్ని 'సాయం' అంటారు. మనం సాయం చేస్తే వాళ్ళ బట్టీలో రొట్టెలు రెట్టింపు. వాళ్ళు చేస్తే మన బట్టీలో రెట్టింపు. పూర్వం మన ఊళ్ళలో వరి కోతలకు బదులు వెళ్ళేవారు చూడండి, అచ్చం అలాగే.

మొదట్లో నా జాబితాలో ఉన్నది మా మనవడు ఒక్కడే. తర్వాత వాడి స్నేహితులు, వాళ్ళ స్నేహితులు, ముఖం కూడా తెలియని వాళ్ళు... చూస్తుండగానే 112 మంది అయ్యారు. అందరూ నా ఊరికి వచ్చి సాయం చేసి పోతుంటే, మనం వెళ్ళకపోతే ఏం బాగుంటుంది? పేరంటానికి పిలిచిన వాళ్ళింటికి తిరిగి పోకపోతే మాట పడమూ?

ఒకరోజు పెనం మీద అట్టు వేసి, ఈలోగా నలుగురి ఊళ్ళు తిరిగివద్దామని కూర్చున్నాను. నలుగురు కాస్తా నలభై మంది అయ్యారు. అట్టు బొగ్గయింది. మావారు ఏమీ అనలేదు. కిటికీ తలుపులు తెరిచి, పెనం తీసుకెళ్ళి సింకులో పెట్టి వచ్చారు. అనకపోవడమే నాకు గుచ్చుకుంది.

ఆ రోజు లెక్క కట్టాను. ఒక ఊరికి వెళ్ళి, బొమ్మ పూర్తిగా కనబడేదాకా ఆగి, కట్టడాన్ని తాకి, వెనక్కి రావడానికి 20 సెకన్లు. 112 ఊళ్ళకు 37 నిమిషాల 20 సెకన్లు. ఏడాదికి 227 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి తొమ్మిది రోజులకు పైనే! ఇంత కాలం రామకోటి రాసినా ఎంతో కొంత పుణ్యం దక్కేది.

పండగలకు ఆ ఆటలో పోటీలు పెడతారు. గెలిస్తే తోటలు, విగ్రహాలు, రకరకాల బహుమతులు ఇస్తారు. మరి వాటిల్లో కాలం మిగిల్చే బహుమతి ఒకటి ఎందుకు ఉండకూడదు అనిపించింది. ఒక చిన్న సంచి. దాన్ని ఒక్కసారి విప్పితే చాలు, జాబితాలో ఉన్న 112 మందికీ ఒకేసారి సాయం అందిపోవాలి. పేరు కూడా పెట్టేశాను, 'సాయం సంచి' అని. ఆట తయారుచేసేవాళ్ళు ఆడేవాళ్ళ సలహాలు తీసుకుంటారట. పాత అలవాటు కొద్దీ తెల్లకాగితం మీద మార్జిన్ గీసి రాశాను. ఒకటి: సంచి పోటీల్లోనే దొరకాలి, డబ్బుకు అమ్మకూడదు. రెండు: ఒక సంచి ఒక్కరోజుకే. మూడు: వారానికి రెండుకు మించి వాడకూడదు. నాలుగు: సాయం అందుకునేవాళ్ళకు ఏ లోటూ రాకూడదు. ఇంగ్లీషులో చక్కగా రాసిపెట్టమని మనవడికి వినిపించాను.

వాడు పకపకా నవ్వాడు. "వాళ్ళు అమ్మేదే టైమ్ అమ్మమ్మా! ఫ్రీగా ఎందుకిస్తారు?"

అమ్మేదే కాలమా! ఆ మాట పట్టుకుని నాలుగు రోజులు అదీ ఇదీ చదివాను. నిజమే. ఊళ్ళు కట్టే ఆటలు మొదట ఇలా ఉండేవి కావు. అమెరికాలో విల్ రైట్ అనే ఆయన 1984లో హెలికాప్టర్‌తో బాంబులు వేసే ఆట ఒకటి తయారుచేశాడు. అందులో పడగొట్టడం కోసం దీవుల మీద ఊళ్ళు అమర్చుతుంటే, పడగొట్టడం కంటే కట్టడమే సరదాగా ఉందనిపించిందట. అలా 1989లో 'సిమ్‌సిటీ' వచ్చింది. అందులో కాలం ఆడేవాళ్ళ చేతిలోనే ఉండేది. కావాలంటే పరుగెత్తించవచ్చు, వద్దనుకుంటే ఆపి భోజనానికి లేవచ్చు.

ఫేస్‌బుక్ రోజులు వచ్చాక లెక్క తిరగబడింది. 2009లో వచ్చిన 'ఫార్మ్‌విల్'లో స్ట్రాబెర్రీ నాలుగు గంటలకు పండేది. పండాక వేళకు వచ్చి కోసుకోకపోతే వాడిపోయేది. 2010 డిసెంబరులో ఊళ్ళు కట్టే 'సిటీవిల్' వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే నెలకు పదికోట్ల మంది ఆడారు. ఆట ఉచితమే, ఆగలేకపోతేనే డబ్బు. ముందు ఆగడం నేర్పారు, తర్వాత ఆగనక్కర్లేని ఉపాయాన్ని అమ్మారు. దాహం పుట్టించి మంచినీళ్ళు అమ్మినట్టన్నమాట. ఆ సిటీవిల్‌ను 2015లో, ఫార్మ్‌విల్‌ను 2020 చివరి రోజున మూసేశారు. పద్ధతి మాత్రం తర్వాతి ఆటలకు వారసత్వంగా వచ్చింది.

ఇంకో సంగతి చదివి నాకు నవ్వూ, దిగులూ రెండూ వచ్చాయి. ఇయాన్ బోగోస్ట్ అనే అమెరికా ప్రొఫెసరు ఈ ఆటలను వెక్కిరించడానికి 2010లో 'కౌ క్లిక్కర్' అనే ఆట పెట్టాడు. తెర మీద ఒక ఆవు. ఆరు గంటలకొకసారి దాన్ని తాకాలి. అంతే ఆట! ఆరు గంటలు ఆగలేకపోతే డబ్బు కట్టవచ్చు. ఎగతాళికి పెడితే వేలమంది నిజంగానే ఆడారు. చివరికి 2011 సెప్టెంబరులో ఆయన ఆవులన్నిటినీ మాయం చేసేశాడు. ఖాళీ జాగా మిగిలింది. కొందరు ఆ ఖాళీ జాగానే తాకుతూ ఉండిపోయారట! నేను పెనం వైపు చూశాను.

సరే, ఇవ్వకపోతే పోనీ, అడగడంలో తప్పేముంది, రాసిపెట్టమన్నాను మనవడిని. ఇప్పుడు వాడికి పదమూడో ఏడు దాటింది. గొంతు మారింది. ఫోనులో మాట తగ్గింది. ఊ, ఆ, ఓకే... ఇంతే సంగతులు. ఆ రోజు మాత్రం నా నాలుగు నిబంధనలూ విని కాసేపు ఊరుకుని అడిగాడు.

"నన్ను కూడా ఆ సంచిలో వేసేస్తావా అమ్మమ్మా?"

"సంచి అంటే అందరికీనే కదరా. నీ రొట్టెలు నీకు రెట్టింపు వస్తాయిగా?"

"రొట్టెల కోసం కాదు. రోజూ సాయంత్రం నా స్క్రీన్ మీద నీ పేరు వస్తుంది, అమ్మమ్మ సాయం చేసింది అని. అంటే నువ్వు లేచావని నాకు తెలుస్తుంది. సంచి అయితే వచ్చింది నువ్వో సంచో ఎలా తెలుస్తుంది?"

నాకు మాట రాలేదు. మాకు పొద్దున్న ఆరు గంటలంటే ఎండాకాలం వాళ్ళకు అంతకుముందు రోజు రాత్రి ఏడున్నర. హోంవర్క్ చేస్తూ వాడు నా రాకను చూసుకుంటున్నాడని నాకేం తెలుసు?

వాడింకా చెప్పాడు. "2023లో తాతయ్య హాస్పిటల్లో ఉన్నప్పుడు నువ్వు రెండు రోజులు రాలేదు. నేనే మమ్మీకి చెప్పి ఫోన్ చేయించాను."

అప్పుడు అర్థమైంది. ఆ ఏడు మావారికి ఛాతీలో నొప్పి వచ్చి ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. అంత దూరాన ఉన్న పిల్ల కంగారు పడుతుందని అమ్మాయికి చెప్పలేదు. మూడో రోజు అదే ఫోన్ చేసి, "అమ్మా, ఏం జరిగింది? నిజం చెప్పు" అని నిలదీసింది. ఎలా పసిగట్టిందా అని చాలాకాలం ఆశ్చర్యపోయాను. తల్లి మనసు తెలిసిన కూతురు కదా అని మురిసిపోయాను కూడా. తీరా చూస్తే కబురు చేసింది నేను తాకని ఒక రొట్టెల బట్టీ!

ఆ సాయంత్రం కాగితం మళ్ళీ తీశాను. అయిదో నిబంధన చేర్చాను: 'ఎవరి ఊరికి తానే స్వయంగా వెళ్ళాలనుకుంటే, వాళ్ళ పేరు సంచిలోంచి తీసి పక్కన పెట్టుకునే వీలుండాలి.' మనవడు వెంటనే ఇంగ్లీషులో రాసి పంపించాడు. నెలలు గడిచాయి. జవాబైతే రాలేదు.

కానీ ఆ కాగితం ఊరికే పోలేదు. ఇన్ని నిమిషాలు మిగిలితే ఏం చేసేదాన్ని అని నన్ను నేనే అడుగుకున్నాను. నిజం చెప్పాలంటే, ఇంకో వందమందిని జాబితాలో చేర్చుకునేదాన్ని! రూత్ స్క్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' అనే పుస్తకం రాశారు. ఇంట్లోకి ఎన్ని యంత్రాలు వచ్చినా అమెరికా ఇల్లాళ్ళ పని గంటలు తగ్గలేదని అందులో చూపించారు. బట్టలుతికే యంత్రం వచ్చాక బట్టలు తరచుగా ఉతకడం మొదలుపెట్టారట. అమెరికా దాకా ఎందుకు? మా అమ్మ రోట్లో ఒక్క పచ్చడి నూరేది. నాకు మిక్సీ వచ్చింది. టిఫినుకు రెండు చట్నీలు, భోజనంలోకి ఇంకో పచ్చడి. అమ్మ నడుం నొప్పి నాకు లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అమ్మ కంటే తీరిగ్గా కూర్చున్నానా అంటే, లేదు.

అందుకని బహుమతి కోసం ఎదురుచూడకుండా జాబితా నేనే దులిపాను. ముఖం తెలియని వాళ్ళకు మనసులోనే దణ్ణం పెట్టి ఒక్కొక్కరినే తీసేశాను. 112 మందిలో 17 మంది మిగిలారు. ఇప్పుడు తిరిగిరావడానికి ఆరు నిమిషాలు కూడా పట్టదు. రొట్టెలు బాగా తగ్గాయి. ఆటలో నా స్థానమూ కిందికి దిగింది. మావారి కాఫీ మాత్రం వేళకు అందుతోంది. "కమిషనర్ గారికి బదిలీ అయిందా ఏమిటి?" అని ఆయన ఆరా తీస్తున్నారు.

మొన్న ఒకరోజు మనవడి ఊరికి వెళితే ఇళ్ళ మీద నాణేలు వసూలు కాకుండా అలాగే ఉన్నాయి. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. టాబ్లెట్ పక్కన పెట్టి ఫోన్ అందుకున్నాను.

"పరీక్షలు అమ్మమ్మా. మమ్మీ గేమ్ తీసేసింది" అన్నాడు. తర్వాత, "నా ఊరు చూసి చేశావా?" అని అడిగాడు.

"మరి? నువ్వొక్కడివే చూసుకుంటావనుకున్నావా?" అన్నాను.

ఆ రోజు ఊ, ఆ, ఓకేలు లేవు. లెక్కల్లో వాడికి కొరుకుడుపడని అధ్యాయం ఒకటుందట. అది చెప్పించుకున్నాడు. ఫోన్ పెట్టేసి గడియారం చూస్తే సరిగ్గా అరగంట!