ఒక వత్తు తక్కువ

పిట్స్‌బర్గ్ వెళ్ళింది గుడి కోసమే. కొలంబస్ నుంచి మూడు గంటల డ్రైవు. అమ్మ తిరుగు ప్రయాణానికి ఇంకా రెండు వారాలే ఉంది, పెన్ హిల్స్ వెంకన్నని చూడకుండా విమానం ఎక్కనంది. దర్శనమూ, పులిహోరా అయ్యేసరికి పన్నెండు దాటింది. బయట వాన. ఇంత దూరం వచ్చాం కదా అని ఊళ్ళోని యాండీ వార్హోల్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. నిజానికి అమ్మ కోసం కాదు, నా కోసమే. ఇంజనీరింగ్‌లో మా హాస్టల్ గదిలో ఆయన వేసిన మార్లిన్ మన్రో పోస్టరు ఉండేది. అదెవరు వేశారో, ఎందుకు గొప్పో మాలో ఒక్కడికీ తెలీదు.

ఏడంతస్తులు. లిఫ్టులో పైకెళ్ళి ఒక్కొక్కటీ చూసుకుంటూ కిందికి దిగాలి. సూప్ డబ్బాల బొమ్మ ముందు అమ్మ నిలబడిపోయింది.

"ఇదేంట్రా, మనం కొట్లో కొనేదేగా! దీనికి టికెట్టా?"

1962లో లాస్ ఏంజెలెస్‌లో 32 డబ్బాల బొమ్మలు మొదటిసారి పెట్టినప్పుడూ చాలామందిది ఇదే మాట. దగ్గర్లోని ఇంకో గ్యాలరీవాళ్ళు అసలు డబ్బాలే పేర్చి, మా దగ్గర చవక అని వెటకారం చేశారట. నాకూ ఆ డబ్బాలు పెద్దగా ఎక్కలేదు. గాల్లో తేలే వెండి దిండ్ల గది మాత్రం అమ్మకి తెగ నచ్చింది. ఆయన ఉత్తరాలూ, బిల్లులూ, పేపరు ముక్కలూ పారెయ్యకుండా 610 పెట్టెల్లో దాచాడని చెబితే, "మీ నాన్నే నయం" అంది.

అసలు సంగతి అంతకు ముందే, పై అంతస్తులోనే జరిగింది.

అక్కడంతా ఆయన చిన్నతనం. అమ్మానాన్నలు ఇప్పటి స్లొవేకియాలోని ఓ కొండపల్లె నుంచి వలసొచ్చినవాళ్ళు. ఇంటిపేరు వార్హోలా. చివరి దీర్ఘం కొడుకు కత్తిరించేశాడు. (ఆఫీసులో నా పేరు ఎంత మిగిలిందో తల్చుకుని నవ్వుకున్నా.) తండ్రి కూలి పనిచేసి 1942లో పోయాడు. తల్లి జూలియా డబ్బాల రేకు కత్తిరించి పూలు చేసి ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. కొడుకు న్యూయార్క్‌లో బొమ్మలేసుకుంటుంటే 1952లో అతని దగ్గరికెళ్ళి, దాదాపు ఇరవై ఏళ్ళు అక్కడే ఉండిపోయింది. ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ దస్తూరీ గుండ్రంగా, తీగలల్లినట్టు ఉండేది. కొడుకు తన బొమ్మల కింద అక్షరాలు ఆవిడ చేతే రాయించేవాడు.

1954 నాటి పిల్లుల పుస్తకం పేరు కూడా ఆవిడే రాసింది. 'నేమ్‌డ్' అని ఉండాల్సిన చోట 'నేమ్' అని రాసి, చివర 'డి' వదిలేసింది.

"మరి ఆ అబ్బాయి దిద్దలేదా?" అంది అమ్మ.

"లేదు. అలాగే అచ్చేయించాడు. ఆ తరవాత ఆవిడ దస్తూరీని అనుకరించడం ఆయన అసిస్టెంటు కూడా నేర్చుకున్నాడట."

అమ్మ ఇంకేం అనలేదు. పక్కన ఆవిడ గీసిన పిల్లులు. ఆ పుస్తకం మీద రచయిత పేరు ఉండాల్సిన చోట, యాండీ వార్హోల్ వాళ్ళమ్మ అనే ఉంది. అది చదివి చెబితే మాత్రం నవ్వింది. "మన వీధిలో నన్నూ అంతేగా."

నాకు నవ్వు రాలేదు. ఏడో తరగతిలో అమ్మ రాసిన సరుకుల చీటీ ఎర్ర పెన్నుతో దిద్ది, పదికి మూడు మార్కులేసి, మా అత్తయ్య ముందు పైకి చదివాను. అమ్మ చదివింది ఐదో తరగతే. అందరితో పాటు తనూ నవ్వింది. ఆ మర్నాటి నుంచి, "నువ్వే రాయరా, నీ దస్తూరీ బాగుంటుంది" అనేది. చాలా ఏళ్ళు దాన్ని మెచ్చుకోలే అనుకున్నాను.

జూలియా 1971లో పిట్స్‌బర్గ్ తిరిగొచ్చి మరుసటేడు పోయింది. అంత్యక్రియలకి యాండీ రాలేదు. రెండేళ్ళ తరవాత ఆవిడ బొమ్మలు వేశాడు. ఆ ముక్క అమ్మకి చెప్పలేదు.

ప్రయాణం ముందు రోజు వంటింట్లో పొడులన్నీ సీసాలకెత్తి పిలిచింది.

"ఒరేయ్, వీటికి పేర్లు రాసిపెట్టు."

"నువ్వే రాయమ్మా."

"తప్పులొస్తాయిరా."

"రానీ."

నా మొహంలోకి ఒకసారి చూసింది. మార్కరు తీసుకుని, ఒక్కో చీటీ దగ్గర ఆగి ఆలోచిస్తూ, పెదాలు కదుపుతూ రాసింది. ఏడు చీటీలకి అరగంట పట్టింది. కందిపోడి. కరేపాకు. నువుల పొడి.

ఆ నువ్వుల పొడి అయిపోయి నెల దాటింది. సీసా ఇంకా డిష్‌వాషర్‌లో వెయ్యలేదు.